ఎదుర్కోళ్ల గుర్రం

జనగామ స్టేషన్ రోడ్డు మీద ఆ కాలంలో నాకంటే గట్టిగా బేరమాడేవాడు లేడు. ఈ మాట ఇంకెవరూ అనలేదు, నేనే చెప్పుకుంటున్నాను. మాటలు సరిగ్గా రాని వయసు నుంచే మా బాపు కిరాణా కొట్టులో గల్లా పక్కన కూర్చుని, కొనేవాడి చూపు ఏ బస్తా మీద ఎంతసేపు ఆగిందో కనిపెట్టి ధర చెప్పడం నేర్చినవాణ్ణి కనుక, పది రూపాయల గుర్రం చెయ్యవలసిన పనిని మూడు రూపాయల గుర్రంతో కానిచ్చేశాను, అదీ మా జట్టు గెలిస్తేనే ఇస్తాను, ఓడితే పైసా ఇవ్వననే షరతు మీద. అలాంటి బేరం మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ కుదుర్చుకోలేదు. ఆ తర్వాత కుదుర్చుకునే ధైర్యం నాకూ లేకపోయింది.

మొన్న చలికాలం భూపాలపల్లిలో మా చిన్నబిడ్డ ఇంట్లో కొన్నాళ్ళున్నాను. అల్లుడికి అక్కడి జిల్లా ఆఫీసులో ఉద్యోగం, ఇల్లు గని కార్మికుల క్వార్టర్ల వెనక వీధిలో. ఒక సాయంత్రం బాల్కనీలో చాయ్ తాగుతుంటే వీధి మొదట్లో డీజే మోత, దాని వెనక మోటారు సైకిళ్ళు, రంగులు, ఈలలు. మనవరాలి కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆఖరి క్షణాల్లో ఒక్క గోలు తేడాతో గెలిచిందట. గోలు కొట్టిన పిల్లవాణ్ణి భుజాల మీదికెత్తుకుని సరిగ్గా మా గేటు ముందే గంతులు మొదలుపెట్టారు. నాకేమైందో, గ్లాసు పక్కన పెట్టి, “దించుండ్రి! వాన్ని ముందుగాల కిందికి దించుండ్రి!” అని గొంతు చించుకున్నాను. మనవరాలు పరుగెత్తుకొచ్చి, “ఏంది తాతా గట్ల మొత్తుకుంటున్నవ్? గెలిచినం గదా!” అంది. గెలిచినందుకే బిడ్డా అనబోయి ఊరుకున్నాను. ఆ పిల్లకు చెప్పాలంటే నూట నలభై నాలుగో సెక్షను దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, మీకైతే ఆ అవసరం లేదు.

కాలేజీలు మూతపడి, తెరుచుకుని, మళ్ళీ మూతపడిన ఆ అరవై తొమ్మిదిని మనలో ఎవరు మరిచిపోయారు? ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కిన పిల్లల్లో కొందరు జైళ్ళలో ఉన్నారు, కొందరు చుట్టాల ఊళ్ళలో తలదాచుకున్నారు, మా తరగతి గదుల తాళాలకు తుప్పు పట్టింది. అలాంటి రోజుల్లో జనగామ కాలేజీ పిల్లలం, మహబూబాబాదు, అదే మన మానుకోట, కాలేజీ పిల్లలతో ఫుట్‌బాల్ పోటీ పెట్టుకున్నాం. ఆ మాట బయటికి రాగానే మాలోనే సగం మంది మండిపడ్డారు. “మనోళ్ళు జైల్ల కూసుంటే మీకు బంతాట గావల్సి వచ్చిందా? సిగ్గుండాలె!” అని మా పెద్దమ్మ కొడుకు, అప్పటికే లాఠీదెబ్బలు రుచి చూసినవాడు, నలుగురి ముందు నా మొహం మీదే అన్నాడు. ఆయనది తప్పని ఈరోజుకీ అనలేను. కాకపోతే నెలల తరబడి భయమూ కోపమూ తప్ప మరొకటి ఎరగని ఆ వయసుకు, కాసేపు ఒక బంతి కోసం అరవాలనిపించింది, అంతే.

నేను ఆటగాణ్ణి కాదు, రోడ్డు దాటితేనే ఆయాసపడేవాణ్ణి. చందాలు, నిమ్మకాయలు, రైలు టికెట్లు నా వంతు. జట్టుకు ఊపిరి మాత్రం నర్మెట్ట దగ్గరి తండా నుంచి వచ్చి మాతో చదువుకునే మిత్రుడు. తండా మాటలో అన్నను భియా అంటారు, నాకంటే కాస్త పెద్దవాడు కనుక నేనూ అలాగే పిలిచేవాణ్ణి, అతను నన్ను వెక్కిరింతగా సావుకారీ అనేవాడు. తండ్రి లేడు. తల్లిని, వాళ్ళ మాటలో యాడిని, కూలిపని నుంచి తప్పించాలన్నదొక్కటే అతనికి తెలిసిన ఆశ. ఒకే అంగీ ఉతుక్కుని తొడుక్కునేవాడు, బూట్లు లేకుండా ఆడేవాడు, బంతి అతని కాలి దగ్గరకు వస్తే ఇంటికొచ్చిన పెంపుడు పిల్లిలా అక్కడే తచ్చాడేది.

గెలుస్తామని నాకు నమ్మకం, ఊరేగకుండా ఉండలేమనీ నమ్మకమే. కానీ ఊళ్ళో నలుగురు గుమిగూడితే పోలీసులు ఊరుకోవడం లేదు. పెళ్ళిళ్ళను మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. అక్కడ పారింది నా బుర్ర. మన పెళ్ళిళ్ళలో ఎదుర్కోళ్లు ఉంటాయి కదా, పెళ్ళికొడుకు వాళ్ళు రైలు దిగగానే ఆడపిల్లవాళ్ళు బాజాలతో ఎదురెళ్ళి, పానకం ఇచ్చి, పెళ్ళికొడుకును గుర్రమెక్కించి తీసుకొచ్చే మర్యాద. మానుకోట నుంచి మా జట్టు ఎలాగూ రైల్లోనే దిగుతుంది. గోలు కొట్టినవాణ్ణి పెళ్ళికొడుకును చేస్తే అడిగేదెవరు? మా కొట్టుకు రోజూ వచ్చే హెడ్డు కానిస్టేబులుకు, మానుకోట మేనమామ కొడుకు పెళ్ళి అని ముందే చెవిన వేశాను. నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో తెలియదు.

ఇక గుర్రం. పెళ్ళిళ్ళకు తిప్పే గుర్రం ఊళ్ళో ఒకటుండేది. చెవి పక్కన పటాకులు పేల్చినా తోక కదపనిది, కిరాయి పది రూపాయలు, తగ్గేది లేదన్నారు. తగ్గని ధర వింటే నాకు ఒళ్ళుమంట. అక్కణ్ణుంచి తిన్నగా స్టేషను ముందు టాంగా నిలిపే పెద్దమనిషి దగ్గరకు వెళ్ళాను.

“ఇది పెండ్లి గుర్రం కాదు సేటూ, బాజా సప్పుడు దీనికి ఎర్కలేదు,” అన్నాడాయన.

“రోజు రైలు కూత ఇంటలేదా? గంతకన్న ఎక్కువుంటదా బాజా?” అన్నాను.

“రైలు దూరంకెళ్ళి కూస్తది. బాజా నెత్తి మీద కొడ్తరు.”

“నువ్వు ముంగటుండి కళ్ళెం పట్టుకుంటవ్ గదా. మూడు రూపాయలు. గెలిస్తేనే.”

ఆయన నవ్వి, “నీ నోటికి నా గుర్రం ఓడిపోయింది పో,” అన్నాడు. పెళ్ళి గుర్రానికీ బండి గుర్రానికీ తేడా జనగామలో పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసే బేరమాడాను.

ఆట ఎలా సాగిందో చెప్పమంటే చెప్పలేను, సగంసేపు కళ్ళు మూసుకునే ఉన్నాను. చెరొక గోలు అయ్యాక ఎంతకీ తేలక, పొద్దు వాలుతుండగా మూలనుంచి వచ్చిన బంతిని భియా తలతో నెట్టాడు, అది కంబానికి తగిలి, గీత మీద ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, లోపలికి దొర్లింది. ఆ తర్వాత మా వాళ్ళకు పిచ్చెక్కింది. మైదానంలోకి దూకినవాళ్ళు దూకారు, మట్టిని ముద్దుపెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నారు, ఎప్పుడూ నోరు విప్పని మా లెక్కల ఘనుడొకడు చొక్కా విప్పి తల మీద తిప్పాడు. పోటీ పెట్టొద్దన్న మా పెద్దమ్మ కొడుకు కూడా ఏ రైల్లో వచ్చాడో, ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. మానుకోట పిల్లలు తల దించుకుని కూర్చున్నారు. అంతలో వాళ్ళలోంచే ఎవరో “జై తెలంగాణ” అన్నారు. దాంతో గెలిచినవాళ్ళెవరో ఓడినవాళ్ళెవరో తెలియకుండా మైదానమంతా ఒకే గొంతయింది. అంత ఒత్తిడిగా, అంత దుఃఖంగా ఆనందపడ్డ జనాన్ని నేను మళ్ళీ చూడలేదు.

ఆ సందట్లోనే కొత్తగూడెం బొగ్గుబావుల జట్టుకు సంబంధించిన పెద్దాయన ఒకరు భియా భుజం తట్టి, “వచ్చే సోమారం కొత్తగూడెం రా తమ్మీ, మా ముంగట ఒకసారి ఆడి సూపెట్టు. జట్టుల తీసుకుంటే బాయి మీద పక్కా నౌకరి,” అన్నాడు. తిరుగు రైల్లో అందరూ పెట్టె పలకలు వాయిస్తూ కూతలు పెడుతుంటే, భియా మాత్రం కిటికీ పక్కన ఆ మాటనే నములుతూ కూర్చున్నాడు.

“సోమారం లోపట అంగీ ఉతికితె ఆరుతది గదా సావుకారీ?”

“నా అంగీ తొడుక్కో పో.”

“నీ అంగీల నా అసుంటోళ్ళు ఇద్దరు పడ్తరు.” కాసేపటికి మళ్ళీ, “నేను దిగంగనే నర్మెట్ట బస్సు అందుకోవాలె. యాడికి చెప్పాలె,” అన్నాడు.

ఊరేగింపుకు అరగంట చాలన్నాను. గుర్రం తయారుగా ఉందన్నాను. అతను వద్దంటే మేము వినలేదు, అందరం కలిసి బతిమాలాం, చివరికి అతను నవ్వి సరేనన్నాడు. గుర్రం ఎక్కాలని అతనికీ లోపల కొంచెం ఉండేదేమో. ఉండేదనుకుంటే నాకు కొంచెం తేలికగా ఉంటుంది.

స్టేషనులో అంతా నేననుకున్నట్టే జరిగింది. బాజావాళ్ళు ఊదారు, పానకం బిందె వచ్చింది, భియా తలకు పాగా చుట్టి మొహం మీదికి మల్లెపూల తెర వేశాం. గుర్రానికి జీను లేదు, మడిచిన దుప్పటి వేసి, కాళ్ళకు ఆసరాగా రెండు తాళ్ళు ముడేశాం. హెడ్డు కానిస్టేబులు పానకం తాగి మూతి తుడుచుకుని, “పెండ్లికొడుకు పానం మీదికొచ్చినట్టు కూసున్నడేందిరా?” అని పరాచికమాడాడు కూడా.

మా కొట్టు కనిపించేంత దూరం వచ్చాం. అప్పటికి వెనక చేరిన జనం ఏ పెళ్ళిలోనూ ఉండనంత మంది. ఎవరో పటాకుల సరం అంటించారు. ఆ మోతకు ఉబ్బిపోయి, మానుకోటలో అరిచిన మాటనే మళ్ళీ అందరం ఒక్కసారి అరిచాం, పెళ్ళి సంగతి మరిచిపోయాం. చౌరస్తా నుంచి ఈల వినిపించింది, పోలీసు వ్యాను మా వైపు తిరిగింది, జనం చెల్లాచెదురయ్యారు. గుర్రం ముందుకాళ్ళు లేపింది. టాంగా ఆయన చేతిలోంచి కళ్ళెం జారింది. నేలమీద ఉన్నవాళ్ళం నేల మీద పరుగెత్తాం. పూల తెర వెనక ఏమీ కనిపించనివాడు, తాట్లో కాలు ఇరుక్కున్నవాడు, గుర్రం తీసుకుపోయినంత దూరం పోయి మురుగు పారే మోరీ రాళ్ళ మీద పడ్డాడు.

నేను మా కొట్టులో బియ్యం బస్తాల వెనక ఉన్నాను. బాపు తలుపు చెక్కలు సగం వేసి, నా వెనక ఎవరైనా వచ్చారేమోనని చూసి, “గెలిపించినోన్ని రోడ్డు మీద ఒదిలొచ్చినవారా?” అన్నాడు. తిట్టు కాదు, నిజంగానే అడిగాడు. ఆ వెంటనే ఆయనే బయటికి వెళ్ళాడు. ఆ పరుగులో, ఆ దుమ్ములో, ఎప్పుడూ కొట్టు దాటి రాని మనిషి, టాంగా ఆయనతో కలిసి భియాను మోసుకెళ్ళి దవాఖానలో చేర్చాడు.

మోకాలి చిప్ప పగిలింది. కట్టు కట్టి పడుకోబెట్టారు. సోమవారం నాడు నేను వెళ్తే, మంచం పక్కన నేల మీద యాడి కూర్చుని కాలికి విసురుతోంది. భియా నన్ను చూసి, “ఇయ్యాల సోమారమా?” అని అడిగాడు. అవునన్నాను. “అంగీ ఆరింది,” అని గోడవైపు తిరిగాడు. కొత్తగూడెం పెద్దాయనకు మా మేనమామ కబురు చేస్తే, కాలు మంచిగైనంక పంపుండ్రి అన్నాడట, మంచి మనిషే. కాలు మంచిగా కాలేదు. భియా ఆ తర్వాత మేకలు కాశాడు, చిల్పూరు గుట్ట కింద కొబ్బరికాయలు అమ్మాడు, కర్ర పట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నాడు. యాడి కూలికి పోతూనే ముసలిదై, పోతూనే పోయింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నేను ఏదో ఒకటి బదులు చెప్పి తేల్చుకునేవాణ్ణి, బేరం అలవాటైనవాడికి మౌనంతో ఎలా వ్యవహరించాలో తెలియదు.

ఇన్నేళ్ళకు రాష్ట్రం వచ్చిన రోజున జనగామంతా రోడ్డు మీదే ఉంది, అడ్డుకునేవాళ్ళు లేరు. రంగులో మునిగిన గుంపులోంచి ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి నా కొట్టు ముందు నిలబడి, “ఏం సావుకారీ, ఇయ్యాల గుర్రం దేలేదా?” అన్నాడు. నేను గల్లా వదిలి బయటికి వస్తే, “తేకపోతే మంచిదే తియ్, నడిచే వస్త,” అని నవ్వి, నా భుజం పట్టుకున్నాడు. ఇద్దరం చౌరస్తా దాకా మెల్లగా నడిచాం. పిల్లలు మా పక్కగా దూకుతూ పోయారు, ఒక్కడూ వెనక్కి చూసి భయపడలేదు. మేము పెళ్ళి వేషం కట్టి దొంగతనంగా పడ్డ సంబరాన్ని వాళ్ళు పట్టపగలు, ఎవరి అనుమతీ లేకుండా పడుతున్నారు. అది చూసి నాకు సంతోషమే అయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు భియా పోయాడు.

కొట్టులో పెరిగినవాణ్ణి, ఇంత చెప్పి లెక్క కట్టకుండా లేవలేను. గుర్రం కిరాయిలో నేను మిగిల్చుకున్నది ఏడు రూపాయలు. టాంగా ఆయన తన మూడు రూపాయలు ముట్టనన్నాడు, కనుక అవీ నాకే మిగిలాయి. అవతలివైపు ఒక మోకాలు, బొగ్గుబావి మీద పక్కా నౌకరి, యాడి కూలి మానేసి ఇంట్లో కూర్చోవలసిన ఏళ్ళు, మళ్ళీ ఎప్పుడూ ఆడని ఆట. అవన్నీ భియా కట్టాడు. నేను కట్టింది ఏమీ లేదు.