అడుగంటనివ్వని నూనె సీసా

మొన్న శుక్రవారం దోహాలో మా తెలుగు ప్రార్థన కూడిక ముగిశాక, సంఘంలోకి కొత్తగా వచ్చిన ఒక యువతి అందరికీ వేలెడంత నూనె సీసాలు పంచింది; మూతకు సీలు, పక్కన ఒలీవ కొమ్మ బొమ్మ. దాన్ని చేతిలో తిప్పి చూస్తుంటే చాలా ఏళ్ళనాటి మరొక సీసా గుర్తుకు వచ్చింది. ఆహార పరీక్షల ప్రయోగశాలలో జీవితం గడిపినవాణ్ణి కనుక, నిశ్చయంగా తెలిసినదాన్ని విన్నదాని నుంచి ముందే వేరుచేస్తాను. రోగికి నూనె రాసి ప్రార్థించమని మా గ్రంథంలో ఉన్నది. ఒలీవ దీవెన పొందిన చెట్టని నా ముస్లిం సహోద్యోగులూ చెబుతారు. ఒక దేవత తన నగరానికి ఆ చెట్టునే కానుకగా ఇచ్చిందని గ్రీకుల పురాణం. ఆయా సంప్రదాయాలు అలా చెబుతున్నాయన్నంత వరకు ఇది నిశ్చయం. మా సంఘంలో ఇల్లిల్లూ తిరిగిన సీసాలోని నూనె యెరూషలేము చెట్లదన్నది మాత్రం వినికిడి. దాన్ని తెచ్చినవారిని నేను చూడలేదు.

ఎవరింట జబ్బు చేస్తే ఆ సీసా వారింటికి వెళ్ళేది. దీవెన తెగిపోకూడదని దాన్ని ఖాళీ కానిచ్చేవారు కారు; సగానికి తగ్గితే ఆ ఇంటివారే కాస్త నూనె కలిపి పంపేవారు. అలా పదిసార్లు నింపితే మొదటి నూనె వెయ్యో వంతు మిగులుతుందని నేను లెక్క చెప్పినప్పుడు, మా సంఘపెద్దగారు, తోడుపెట్టిన పెరుగుకు కూడా ఈ లెక్కేనా అని నవ్వారు. తోడులోని జీవులు పెరుగుతాయి, నూనె పెరగదు అన్నాను కాని, అప్పటికే అందరూ నవ్వుతున్నారు.

ఆ ఏడు నా భార్యకు కడుపులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని అన్నారు. అది ప్రమాదకరమైనది కాదని వైద్యురాలు కాగితాలు చూపి చెప్పగా, అదే మాట నేను ఇంట్లో చెప్పాను. ఆమె నమ్మలేదు. తన తల్లికి జబ్బు చేసినప్పుడు ఇంటిల్లిపాదీ ఏమీ లేదంటూనే చివరిదాకా దాచారు. ఆ భయంతో నా భార్య తిండి సహించక చిక్కిపోయింది. సీసా మా ఇంటికి వచ్చినప్పుడు, ఆమె చూస్తుండగానే కొంచెం నూనెను గాజుగొట్టంలో పట్టి ప్రయోగశాలకు తీసుకువెళ్ళాను. నువ్వుల నూనె ఉంటే ఆమ్లపు పొర ఎర్రబడే పరీక్ష ఒకటి మా వృత్తిలో అందరికీ తెలుసు. ఎర్రబడింది. మిగిలిన నూనెను రెండో పరీక్షకని జేబులో ఉంచుకున్నాను.

ఆపరేషన్ నాటి ఉదయానికి సీసా ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ పట్టణంలో ఎవరికో జ్వరమని వెళ్ళిపోయింది. ఆసుపత్రి మంచం మీద ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఏవండీ, అది ఒలీవ నూనేనా?”

ఒక్క అబద్ధంతో ఆమెకు ఊరట దొరుకుతుందనుకున్నాను. అయినా నోరు రాలేదు.

“నువ్వుల నూనె ఉంది. ఒలీవ ఉందో లేదో ఇంకా చూడలేదు.”

“నువ్వుల నూనె ఉండదా మరి? పోయినసారి సీసా మనింటికొస్తే పచ్చట్లోకని దాచిన నూనె పోసింది నేనేగా.”

తెలిసీ ఎందుకు అడిగావన్నాను.

“ఇందులో నిజం చెబితే, గడ్డ సంగతి కూడా నిజమే చెప్పారని నమ్ముదామని. ఆ జేబులోది రాసెయ్యండి, ఇంక ఆపరేషన్‌కు వెళ్తాను.”

పరికరాన్ని నమ్మేముందు, ఫలితం ముందే తెలిసిన నమూనాతో దాన్ని సరిచూడటం మా పద్ధతి. ఆమె సరిచూసింది నన్ను. అంతవరకు ఏ ప్రార్థనలోనూ నూనె ముట్టని నేను, ఆ ఉన్నదంతా ఆమె నుదుట రాశాను. గడ్డ వైద్యురాలు చెప్పినట్టిదే అయింది. ఘనత శస్త్రచికిత్సదేనని నేనంటాను, ఆమె వాదించదు.

ఇప్పటి సీసాలో ఏముందో దాని మీది అచ్చులోనే ఉంది, పరీక్షించనక్కరలేదు. ఏ ఇంటి వంటగది వాసనా అందులో లేదు, ఎవరింటికో పంపే పనీ లేదు. పాత సీసా, ఎవరో స్వదేశానికి వెళ్ళేటప్పటి సామాన్లలో, కనబడకుండా పోయింది. అందులో ఒలీవ నూనె చుక్కయినా ఉండేదా అన్నది నాకు నేటికీ తేలలేదు. తేల్చడానికి నా దగ్గర ఉన్న నమూనా ఒక్కటే. అది ఆ ఉదయమే అయిపోయింది.