వ్యాన్ తాతయ్యకు పుట్టిన అసహ్యం

బడి వ్యాన్ నడిపే ముసలాయనను ఆ వీధుల్లో పిల్లా పెద్దా అందరూ వ్యాన్ తాతయ్య అనే పిలుస్తారు. సీట్లో ఎవరు వాంతి చేసుకున్నా ఆయన ముక్కు మూసుకోడు. "పొద్దున్నే గొంతుదాకా పాలు తాగించి పంపితే ఇంతే మరి" అని సణుగుతూ తడిగుడ్డతో తుడిచేస్తాడు. అలాంటి మనిషికి అసహ్యం పుట్టింది, అదీ ఒక నాలుగేళ్ల పిల్ల మూలంగా.

ఆ పిల్లను ఆయన గువ్వ అంటాడు. ఎక్కింది మొదలు దిగేదాకా నోరు మూసేది కాదు. అలాంటిది ఒకరోజు ఉన్నట్టుండి పక్క పిల్లాణ్ణి కొరికింది. మర్నాడు సీటు కింద దూరి కేకలు పెట్టింది. వారం తిరక్కుండానే మాటలు మర్చిపోయింది. నోట్లో ఏమీ లేకపోయినా నములుతూనే ఉండేది. "గారాబం చేసి నెత్తికెక్కించుకున్నారు" అన్నారు మిగతా తల్లులు. గేటు దగ్గర పిల్ల కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే ఒకావిడ తీరిగ్గా వీడియో తీసింది. తాతయ్యకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజే తల్లీబిడ్డల్ని వ్యాన్‌లో ఆసుపత్రికి చేర్చాడు.

కొన్ని నెలల తర్వాత తల్లి వచ్చి చెప్పింది. "జబ్బులతో పోరాడాల్సిన ఒంటి శక్తే దారితప్పి దాని మెదడు మీద పడిందట తాతయ్యా. మందులతో చాలావరకు తగ్గింది. అంటుకునేది కాదు, తోటి పిల్లల్లో ఉంటే మంచిదని డాక్టరమ్మ అంది. సోమవారం నుంచి పంపనా?"

"అడగాలా అమ్మా? పంపు."

ఆ కబురు తెలిసి ఆదివారం సాయంత్రం మిగతా తల్లిదండ్రులంతా ఆయన ఇంటికొచ్చారు.

"మా పిల్లలకి అంటుకుంటే?"

"అంటుకోదని డాక్టరమ్మే చెప్పింది."

"వాళ్లు అలాగే చెబుతారు. ఆ పిల్ల ఎక్కితే మావాళ్లు ఎక్కరు. మీ ఇష్టం."

వీడియో తీసినావిడ నిట్టూర్చింది. "పాపం, మాకూ జాలిగానే ఉందండీ."

ఏళ్ల తరబడి పిల్లల వాంతులు తుడిచినా రాని డోకు ఆ మాటకు వచ్చింది తాతయ్యకు.

"ఆ పిల్ల ఎక్కుతుంది. ఇక వెళ్లండి" అన్నాడు.

సోమవారం ప్రతి ఇంటి ముందూ హారన్ కొట్టాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నాలుగు తిట్లు నోట్లోనే నమిలి గువ్వ ఇంటికి వెళ్లాడు. తల్లి ఎక్కించి దిగిపోయింది. పిల్ల ఖాళీ సీట్లన్నీ చూసి, మాటల కోసం కాసేపు తడుముకుంది.

"అందరూ... ఏరీ?"

తాతయ్య బండి కదిలించాడు.

"వాళ్లకి ఒంట్లో బాగాలేదు తల్లీ."