ఒలిందో వద్దన్న కాలదోషం

“నిజం చెప్పు ఒలిందో, ఆ షెడ్డు నువ్వే తగలెట్టావా?”

మంగలి జిల్దో ఈ మాట అడిగినప్పుడు అతని కత్తి ఒలిందో గొంతు మీద ఉంది.

“ముందు గడ్డం పూర్తి చెయ్యరా. తర్వాత నిన్ను తగలెడతాను,” అన్నాడు ఒలిందో.

ఒలిందో తియోజ్జో ఇటలీలోని మా కియోజ్జా రేవులో చెక్కపడవల బీటలు పూడ్చే మనిషి. పలకల సందుల్లో జనపనార కూరి, పైన కాగిన తారు పోస్తాడు. చర్చికి పండగలకి వెళ్తాడు, పేకాటకి రోజూ వెళ్తాడు. చేపల వ్యాపారి దుయీలియో పడవకి ఒకసారి తారు పోసి, కూలి కోసం చలికాలమంతా అతని వెంట తిరిగాడు. చివరికి చేపల బజారు నడిమధ్య నిలబడి, “నీ షెడ్డు తగలబడిపోనూ!” అని తిట్టాడు. ఆ వారమే దుయీలియో వలల షెడ్డు తగలబడింది. తారు, మంట, తిట్టు మూడూ ఒకే మనిషి దగ్గర దొరికాక పోలీసులు ఇంకొకరిని వెతకలేదు. తాను బకెట్‌తో మోసింది నీళ్లేనని ఒలిందో మొదటి నుంచీ మొత్తుకున్నాడు. ముద్దాయి అలా కాక ఎలా అంటాడు?

చూసింది ఒక్కతే, సందు మలుపులో ఉండే అమాబిలే. ఆమెకి మాట సగం, చెయ్యి సగం. మొదటి కోర్టులో లేచి, “ఒలిందో బకెట్ పట్టుకుని ఇలా పరిగెత్తాడు,” అంది. ‘ఇలా’ దగ్గర కుడిచెయ్యి ఊపింది. తొణికే నీళ్ల బకెట్ ఎలా ఊగుతుందో అలా ఊపింది. జడ్జి చూసి కేసు కొట్టేశాడు. గుమస్తా ఆమె మాట రాసుకున్నాడు. చెయ్యి రాసుకోలేదు.

మా దగ్గర నిర్దోషి అయినవాడు కూడా వెంటనే నిద్రపోకూడదు. ప్రాసిక్యూటరూ అప్పీలు చేసుకోవచ్చు, చేశాడు. పై కోర్టులో ముగ్గురు జడ్జీలు ఎవర్నీ పిలవకుండా కాగితాలు చదివారు. కాగితంలో బకెట్ ఉంది, పరుగు ఉంది. తారు పనివాడి బకెట్లో తారు కాక పాలుంటాయా? రెండున్నరేళ్ల జైలు వేశారు.

ఒలిందో రోమ్‌లోని ఆఖరి కోర్టుకి వెళ్లాడు. షెడ్డు ఎవరు తగలెట్టారో రోమ్‌కి అక్కర్లేదు. విచారణ పద్ధతిగా జరిగిందా లేదా అన్నదే దానికి కావాలి. ఒకసారి నిర్దోషి అన్న మనిషిని అదే సాక్షి మాట పట్టుకుని దోషి అనాలంటే ఆ సాక్షిని మళ్లీ ఎదురుగా నిలబెట్టి వినాలి. వినలేదు కాబట్టి శిక్ష రద్దు చేసి, వేరే జడ్జీలు మళ్లీ విచారించాలని వెనక్కి పంపింది. న్యాయం ఆలస్యమైనా తప్పక వస్తుందనేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లెవరి మీదా కేసు లేదు.

ఈ తిరుగుళ్లలో చట్టం పెట్టిన గడువు దాటిపోయి కేసుకి కాలదోషం పట్టింది. ఒలిందో లాయరు పెన్జో సంతోషంగా ఫోన్ చేసింది.

“ఊరికే కూర్చోండి ఒలిందో గారూ. కేసు దానంతటదే చచ్చిపోతుంది.”

“తీర్పులో ఏమని రాస్తారమ్మా?”

“కాలదోషం పట్టిందని.”

“నేను చెయ్యలేదని రాయరా?”

“రాయరు.”

“అయితే ఆ జిల్దో గాడు నేను చచ్చేదాకా అడుగుతూనే ఉంటాడు. నాకీ కాలదోషం వద్దనొచ్చా?”

“అనొచ్చు. మీరే స్వయంగా అనాలి. ఆ తర్వాత ఓడిపోతే జైలు ఖాయం. మంగలిని మార్చుకోండి, చవకలో పోతుంది.”

ఒలిందో కోర్టులో నిలబడి వద్దన్నాడు. అది రాసుకున్నాక సాక్షిని పిలిచారు. అమాబిలే వచ్చింది. మెట్ల మీద జారిపడిందట, కుడిచేతికి భుజం దాకా పిండికట్టు ఉంది. పెన్జో కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టేసింది.

“ఒలిందో ఎలా పరిగెత్తాడమ్మా?” అన్నాడు పెద్ద జడ్జి.

“ఇలా,” అంది అమాబిలే. కట్టులో చెయ్యి కదల్లేదు.

“మాటల్లో చెప్పండి.”

“అప్పుడే చెప్పాను కదా బాబూ, ఇలా అని!”

“ఇలా అంటే?”

అమాబిలే అతన్ని జాలిగా చూసింది. ఎడమచేత్తో బల్ల మీది నీళ్ల గ్లాసు లాక్కుని, ఊపుకుంటూ జడ్జీల వైపు నాలుగడుగులు వేసింది. సగం నీళ్లు నేల మీద, సగం గుమస్తా కాగితాల మీద పడ్డాయి.

“ఇలా! నేను అప్పుడే కడిగిన మెట్లన్నీ తడుపుకుంటూ, మంట వైపు! ఆర్పడానికి పోతూ అన్నీ దార్లోనే పోశాడు. అంత నిండా ముంచుకోకురా వెధవా అని అరిచాను కూడా. ఆ మాట ఎవరూ అడగరేం?”

“ఈసారి చెయ్యి కూడా రాయండి,” అన్నాడు జడ్జి గుమస్తాతో. గుమస్తా పొడి కాగితం వెతుక్కున్నాడు.

ఆ నేరం ఒలిందో చెయ్యలేదని తీర్పు వచ్చింది. ప్రాసిక్యూటరు ఈసారి ఊరుకున్నాడు. శనివారం జిల్దో సబ్బు నురగ రాస్తూ చాలాసేపు ఓపిక పట్టాడు.

“మరైతే ఎవరు తగలెట్టినట్టు?”

“నన్నెందుకు అడుగుతావురా? నేను కాదని రాసిచ్చారు.”

ఒలిందో బయటికొచ్చి దుయీలియో దగ్గరికి వెళ్లి పాత కూలి అడిగాడు. పదేళ్లు దాటాయి, ఆ బాకీకి కాలదోషం పట్టిందన్నాడు దుయీలియో. అతను మాత్రం ఆ కాలదోషాన్ని వద్దనలేదు. పడవ తారు తాలూకు పదకొండు వందల యూరోలు ఒలిందోకి ఇంకా రావాలి.