శుక్రవారం వీడియో కాల్

అమలాపురం దగ్గర మా బడిలో చదువు తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ సాగుతుంది. వెనకబడిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం నా పని. కువైట్‌లో ఉండే తండ్రులకు శుక్రవారం సెలవు గనక ఆ రోజే వీడియో కాల్‌లో మీటింగు. ఆ గంటసేపూ నాకు కాలు ఒకచోట నిలవదు.

మొన్న ఒకాయన నాలుగో తరగతి కూతురితో, "ఇంగ్లీషులో మాట్లాడమ్మా, వింటాను" అన్నాడు.

ఆ పిల్ల తడుముకోకుండా మాట్లాడింది. నాన్నంటే తనకు కొత్తగా ఉంటుందని, ఫోన్ పెట్టేస్తే బాగుండునని చెప్పింది.

ఆయన మురిసిపోయాడు. "ఏమందండీ మేడమ్ గారూ?"

"బాగా చదువుకుంటానంటోందండీ" అన్నాను.

"ఆయ్! అంతా మీ చలవేనండీ."

అప్పటినుంచీ నాకు స్థిమితం లేదు. అప్పుడు నా పక్కనే కూర్చుని నన్నే చూసిన ఆ పిల్లకు తెలుగు కూడా వచ్చు.