చలిమట్టికి శాలువా

అప్పట్లో బెంగళూరులో డిసెంబరు వచ్చిందంటే మనుషులకే కాదు, దోసెపిండికి కూడా చలి వేసేది. నగర్తపేటలోని మా ఇంట్లో అమ్మ పిండిగిన్నెకు పాత శాలువా చుట్టి, "కదిలించబాకండి, పొద్దున్నకు పొంగుతాది" అని అందరినీ బెదిరించేది. చుట్టిన వేళ, పొంగిన వేళ నేను క్యాలెండరు మీద రాసేదాన్ని. (ఆ జబ్బు ఇప్పటికీ తగ్గలేదు.)

ఆ జబ్బు చూసే కాబోలు, మట్టిని పరీక్షించే ప్రయోగశాలలో నన్ను మూడు నెలలకు తీసుకున్నారు. ఆ తర్వాత ఉంచుకోవడమా, పంపేయడమా అన్నది మా పెద్దాయన సంతకం మీద ఉంది. చాటున అందరం ఆయన్ని మట్టిమేష్ట్రు అనేవాళ్లం. ఒక శుక్రవారం మంచుకొండల పచ్చికబయళ్ల నుంచి ఆరు సీసాల మట్టి వచ్చింది. ఒక్కోదానిలో చిన్న గిన్నెడు సున్నపు తేట పెట్టాం. మట్టిలోని సూక్ష్మజీవులు వదిలే ఊపిరికి అది తెల్లబడుతుంది. "చిటికెడు మట్టిలో కోట్ల ప్రాణాలుండాయమ్మా. సోమవారం దాకా చలిపెట్టెలో భద్రం" అని చెప్పి ఆయన ఊరికి వెళ్లారు. ఐదు సీసాలు పెట్టేసరికి నా వేళ్లు కొంకర్లు పోయాయి. ఇంత చలిలో ఏ ప్రాణి బతుకుతుంది? మనసొప్పక ఆరోదాన్ని కిటికీ పక్కన పెట్టి, నా శాలువా చుట్టాను. (ఆరింటికీ చుట్టేదాన్నే, ఉన్నది ఒకటే శాలువా.)

సోమవారం ఆయన వచ్చి చూస్తే ఐదింట్లో తేట కాస్త మసకబారింది, అంతే. ఆరోదానిలో పాలలా ఉంది.

"దీంట్లో ఏం కలిపినావు?"

"ఏం కలపలేదు సార్. శాలువా కప్పినాను."

"శాలువానా! ఎందుకమ్మా?"

"చలికి."

"ఎవురికి చలి?"

"వాటికి సార్."

నేను రాసుకున్న పుస్తకం ముందుకు తోశాను. కప్పిన వేళ 4:10, తీసిన వేళ 9:05, శాలువా రంగు బూడిద, అన్నీ సిరాతో ఉన్నాయి. ఆయన రెండుసార్లు చదివారు. "అంతా రాసినావు గానీ, ఎన్ని డిగ్రీలో రాయలేదే?" అదొక్కటే మరిచాను. ఆ వరుసను ఆయన ఎర్రసిరాతో కొట్టేశారు. నా ఉద్యోగాన్నీ కొట్టేసినట్టే అనుకున్నాను. కానీ ఆయన సీసాను వెలుతురుకెత్తి నన్ను దగ్గరికి పిలిచారు.

"చూడమ్మా, ఆడ కొండల్లో చచ్చిన గడ్డివేర్లు చలికి కుళ్లకుండా ఎన్ని తరాలుగానో పడుండాయి. రవ్వంత వెచ్చబడితే ఈ ప్రాణాలు వాటిని జోరుగా తింటాయి, ఊపిరి వదుల్తాయి. ఆ ఊపిరి ఆకాశంలో చేరి ఇంకా వేడి చేస్తాది. వేడయ్యేకొద్దీ ఇంకా తింటాయి."

"ఎందాకా సార్?"

"అదే తెలీదు. అలసిపోతాయో, వేరే జాతులు పైకొస్తాయో!"

నా గుప్పిట్లో పట్టే సీసా. అందులో చిక్కపేట సంతరద్దీకి వెయ్యింతలు, చప్పుడే లేకుండా ఊపిరి వదులుతోంది! మూడో నెలాఖరున ఆయన సంతకం పెడుతూ, "ఈసారి శాలువాలో థర్మామీటరు గూడా పెట్టు" అన్నారు.

ఇప్పుడు బెంగళూరులోనే, యలహంకలో ఉంటున్నాను. పిండిగిన్నె పక్కన థర్మామీటరు, పుస్తకం తప్పవు. ఈమధ్య డిసెంబరులో శాలువా లేకుండానే పిండి పొంగి గట్టు మీదికి పారుతోంది. తుడుస్తూ, మట్టికి చలేస్తుందని జాలిపడ్డ ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. తాను కప్పినదాన్ని ఆమె సోమవారం 9:05కి తీసేసింది. ఆ కొండల మీద మనమంతా కలిసి మన పొగలతో కప్పిన శాలువాను తీసే వేళ రాయడానికి, పుస్తకంలో ఒక వరుస ఖాళీగా ఉంచాను.