ఏడో గడిలో పట్టని వేట్లు

2011 ఆగస్టులో నేను జనగామ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా ఉండగా, దేవరుప్పుల తాలింఖానాను తనిఖీ చేసి నివేదిక ఇవ్వమని వరంగల్ నుంచి ఉత్తర్వు వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పటికింకా ఒకే జిల్లా. ఫిజికల్ డైరెక్టర్ అంటే పేరు పెద్దది. మా దర్శకత్వమంతా ఈల ఊదడంతో సరి. ఈ పని నాకే ఎందుకు పడిందంటే, హైదరాబాదులో పదిహేను రోజుల శిబిరంలో కిమ్ గారనే కొరియా గురువు దగ్గర చెక్క కత్తి తిప్పడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అప్పటినుంచి కాలేజీలో నన్ను ‘కత్తిలాంటి సారు’ అనేవారు. పదును సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

తాలింఖానా అంటే మా ఊళ్లలో కర్రసాము, కత్తిసాము నేర్పే చోటు. నేర్పేవాడు ఉస్తాద్. దేవరుప్పుల ఉస్తాద్ కొమురయ్యకు అరవై దాటాయి. పగలు కూలికి పోయేవాడు, పొద్దు వాలాక సాము నేర్పేవాడు. ఒక రేకుల షెడ్డు, దాని ముందు మెత్తగా తవ్విన ఎర్రమట్టి నేల, అంతే ఆయన ఆస్తి. అదీ ఆయనది కాదు, సర్కారు జాగా. అక్కడ గోదాము కడతామని, నెల రోజుల్లో ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. క్రీడా శాఖ గుర్తింపు ఇస్తే జాగా తాలింఖానాకే ఉంటుంది. ఆ గుర్తింపు నా నివేదిక మీద ఆధారపడింది.

తనిఖీలో మూడు అంగాలు: సామాను చూడటం, ప్రదర్శన చూడటం, ముద్రిత పత్రంలో తొమ్మిది గడులు నింపడం. సామాను తొందరగానే అయింది. వెదురు కర్రలు, మొద్దు చేసిన కత్తులు, తోలు డాళ్లు రెండు. ప్రదర్శన దగ్గర నేను పెన్ను పక్కన పెట్టేశాను. ఆ వయసులో కొమురయ్య కర్ర తిప్పుతుంటే కర్ర కనపడలేదు, గాలి కోసుకుపోయే చప్పుడు మాత్రం వినపడింది. మడమ నేల మీద ఆనకుండా పదహారు అడుగులు వేశాడు. ఒక వేటు పూర్తవగానే చుట్టూ నిలబడ్డ శిష్యులు ఏదో ఒక పేరు పెట్టి గట్టిగా అరిచేవారు. ఉత్సాహానికి అరుస్తున్నారనుకుని నేను రాసుకోలేదు.

తర్వాత నన్ను కూడా ఏదైనా చూపమన్నారు. రెండు చేతులా కత్తి నెత్తి మీదికెత్తి ముందుకు దూకుతూ నరికే కొరియా వేటు చూపాను. ఉస్తాద్ భార్య యాదమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది.

“సారూ, కట్టెలు కొడుతున్నవా, కత్తి తిప్పుతున్నవా? జర నడుము జూస్కో, రేపు నౌకరికి పోవాలె!”

కొమురయ్య మాత్రం నవ్వలేదు. ఇంకోసారి చూపమన్నాడు. మూడోసారికి నాకంటే బాగా తనే చేశాడు.

పత్రంలో ఏడో గడి పేరు ‘విద్య మూలం’. ఒకే ఒక్క గీత జాగా. అవి తెలంగాణ ఉద్యమంలో ఊరూరా ‘మనది’, ‘మనకు’ అన్న మాటలు మోగుతున్న రోజులు. మన యాసను సినిమాల్లో వెక్కిరించారన్న మంట నాకూ ఉండేది. ఆ మంట మీదే వంట చేశాను: “కొరియా, జపాన్ దేశాల కత్తివిద్యలకు తల్లి ఈ తెలంగాణ సాము.” నా దగ్గరున్న రుజువల్లా, మూడోసారికే ఆయన నరుకుడు నాదానిలా కుదరడం. రెండు చేతులూ ఒక కత్తీ ఉన్నచోట నరుకుడు ఇంకెలా ఉంటుందని నన్ను నేను అడుక్కోలేదు.

నిబంధన ప్రకారం నింపిన పత్రాన్ని దరఖాస్తుదారుకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. మర్నాడు సాయంత్రం వెళ్లి చదివాను. ఆరు గడుల దాకా తలూపిన కొమురయ్య ఏడో దాని దగ్గర పెన్ను కింద పెట్టాడు.

“గది నేను జెప్పలే గద సారూ.”

జాగా నిలవాలంటే ఆ మాట ఉండాలని, పైవాళ్లు మెచ్చుకుంటారని చెప్పాను.

“కొరియోల్లు మా తాలింల ఎన్నడన్న మట్టి మోసిండ్రా? ఎట్ల రాస్తవ్ మరి? నిన్న పోరగాండ్లు ఒర్రింది ఇన్లేదా?”

అప్పుడు గానీ ఆ అరుపుల సంగతి తెలియలేదు. ఆ తాలింఖానాలో ఏ వేటు వేసినా దాన్ని ఇచ్చినవాడి పేరు చెప్పాలి. పేరు చెప్పనివాడికి ఆ రోజు కర్ర ముట్టనివ్వరు. కొమురయ్య లేచి ఒక్కొక్కటే మెల్లగా వేసి చూపాడు. తల చుట్టూ తిప్పుడు రఘునాథపల్లి గొల్ల మల్లయ్యది, తోడేళ్లను బెదిరించడానికి పుట్టింది. గుండెకు గురిచూసే పొడుపు మహదేవపూర్ పడవ రాజయ్యది. గోదావరిలో గెడ వేసినట్టే ఉంటుంది. వెనక్కి తిరిగి కొట్టే దెబ్బ మహబూబాబాద్ అవతలి తండాలోని హాము నాయక్‌ది. డాలు పట్టడం నేర్పింది ఉత్తరాది నుంచి వచ్చిన పీరుసాబ్ అనే సిపాయి. మొత్తం పదకొండు పేర్లు.

సంతకం పెట్టకపోతే జాగా పోతుందని మళ్లీ చెప్పాను. యాదమ్మ ఈసారి నవ్వలేదు. “పోతే పోనీ అనకు, షెడ్డు కూలితె ఈ ముసలాయన యాడ ఎగురుతడు?” అంది భర్తతో. ఆయన పెన్ను ముట్టలేదు.

“రేపు పోరగాండ్లు రాజయ్య పేరు జెప్పకపోతె కర్ర ముట్టనియ్య. నేనే అబద్ధం మీద సంతకం బెడితె నాకు కర్ర ఎవ్వడిస్తడు?”

సంతకం లేని పత్రంతో ఇంటికొచ్చి శిబిరం నాటి నోటుబుక్కు తీశాను. అడుగుల లెక్క నిండా ఉంది. పరీక్షకు అక్కర్లేదని అంచుల్లో గిలికిన మాటలు అప్పుడు చదివాను. వెనకటి కొరియా రాజొకరు యుద్ధవిద్యలన్నీ బొమ్మలతో గ్రంథంగా రాయించారట. అందులో ఇది చైనా పద్ధతి, ఇది జపాను పద్ధతి, ఇది మా సొంతం అని వేర్వేరుగా చెప్పారట. అంతకుముందు జపాను సేనలు వాళ్ల దేశం మీద పడి ఊళ్లు తగలబెట్టాయి. ఆ శత్రువు వేటునే నేర్చుకుని, శత్రువు పేరుతోనే రాసిపెట్టుకున్నారు. నేను దేవరుప్పులలో చూపిన నరుకుడు అలా వచ్చిందేనట. అన్నిటికంటే పాత కొరియా కత్తివరుస వాళ్ల ఇంట్లో మిగల్లేదు, ఒక చైనా గ్రంథంలో దాక్కుని మళ్లీ ఇల్లు చేరింది. ఇప్పటి కొరియా క్లబ్బుల్లో జపాను ఆట పాలు ఎక్కువేననీ, అది ఒప్పుకోవడం కొందరికి కష్టమనీ కిమ్ గారు నవ్వుతూ చెప్పిన మాట కూడా అక్కడే ఉంది. కొమురయ్యకు అక్షరాలు అంతంతమాత్రం. ఆ రాజు గ్రంథం పేరైనా వినలేదు. పద్ధతి మాత్రం అదే. సర్టిఫికెట్ ఉన్న నాకు అంచు మాట అంటనేలేదు.

కొత్త పత్రం తీసుకుని ఏడో గడిలో “జతచేసిన కాగితం చూడగలరు” అని రాశాను. కాగితంలో పదకొండు వేట్లు, పదకొండు పేర్లు, వాళ్ల ఊళ్లు. నోటుబుక్కులోని సంగతి కూడా కొమురయ్యకు చెప్పాను. ఆయన కాగితం రెండుసార్లు చదివించుకుని, హాము నాయక్ తండా పేరు సరిదిద్ది, సంతకం చేశాడు. సకల జనుల సమ్మె మొదలవడానికి నాలుగు రోజుల ముందు దాన్ని స్వయంగా వరంగల్‌లో ఇచ్చాను. తర్వాత ఆఫీసులకు తాళాలు, మేము రోడ్డు మీద వంటావార్పుకు. గోదాము పనీ ఆగింది.

సమ్మె ముగిశాక ఉస్తాద్‌ను వరంగల్‌లో క్రీడా శాఖ కమిటీ ముందుకు పిలిచారు. నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. అధ్యక్షుడు కాగితం తిప్పి చూసి, అన్నీ ఇంకొకరివైతే ఇందులో మీ సొంతం ఏముందని అడిగారు. నాకు చెమట పట్టింది. కొమురయ్యకు పట్టలేదు.

“వరుస సార్. ఏది ముంగట, ఏది ఎన్క, గది నాది.”

గుర్తింపు వెంటనే ఇవ్వలేదు. రాసిన పేర్లు నిజమో కాదో చూసి రమ్మని ఒక ఉద్యోగిని మహదేవపూర్ పంపించారు. రాజయ్య చనిపోయాడు గానీ ఆయన తమ్ముడు గెడ పట్టుకుని అదే పొడుపు చూపాడట. మరుసటి నెలలో ఉత్తర్వు వచ్చింది, జాగా నిలిచింది. నేను మొదట రాసిన వాక్యాన్ని రుజువు చేయాలంటే ఎవరిని ఎక్కడికి పంపేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఒకసారి దేవరుప్పుల వెళితే శిష్యులు పన్నెండో వేటు వేస్తున్నారు, నేను చూపిన నరుకుడే. వేటు దిగగానే ఒక్క గొంతుతో అరిచారు: “జపానోల్లది, కొరియోల్లు దాసిండ్రు, జనగామ సారు తెచ్చిండు!”

పదవీ విరమణ దాకా నేను అలాంటి నివేదికలు చాలానే రాశాను. ఏడో గడికి ప్రతిసారీ వేరే కాగితం జతచేశాను. ఆ గీత మీద ఒక్క పేరే సరిపోయిన విద్య నాకెక్కడా ఎదురుపడలేదు.