రసాయనశాల ముందు మూడు మెట్లు

రసాయనశాస్త్రం చదివే తెలివి ఆ అమ్మాయికి లేదని మా ప్రిన్సిపాల్ అనలేదు. ప్రయోగశాలలోకి వెళ్లే దారి లేదని మాత్రమే అన్నారు. రాజాంలో నేను పాఠాలు చెప్పే కళాశాలలో ఆ గది ముందు మూడు మెట్లున్నాయి. అమ్మాయి చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఫీజు ప్రభుత్వ పథకం కింద వస్తుంది, వసతిగృహంలో చోటు దొరికింది, ఇంటర్‌లో మంచి మార్కులున్నాయి. ఇన్ని ఉండి కూడా, ఆ మెట్ల కారణంగా ఆమెను బి.ఎ.కు మారమంటున్నారు.

"ఇలాంటి పిల్లలు నెల తిరక్కుండా మానేస్తారండీ," అన్నారు ప్రిన్సిపాల్.

ఇంతవరకు ఎందరు మానేశారని అడిగాను. అలాంటి వారెవరూ ఇక్కడ చేరనే లేదని ఆయన ఒప్పుకున్నారు. పరిశీలనే జరగనప్పుడు ఫలితం ఎక్కడిదని నేను వాదనకు దిగలేదు. మొదటి ప్రయోగ తరగతి నాటికి ఆమె ఎవరి సాయమూ లేకుండా లోపలికి వెళ్లగలిగితే బి.ఎస్సీ.లో ఉంచుతారా అని మాత్రం అడిగాను. ఉంచుతానన్నారు.

ఆమె తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్లే మనిషి. కబురు అందగానే బావమరిదిని వెంటబెట్టుకుని, పాత పడవ చెక్కలు ఆటోలో వేసుకుని వచ్చాడు. ఒక్క పూటలో మెట్ల మీద కుర్చీ ఎక్కడానికి చెక్కల వాలు కట్టేశారు. పని గట్టిగా ఉంది. లోపమూ అంతే గట్టిగా ఉంది. వారికి చేయి తిరిగిన వాలు ఒక్కటే, పడవను ఇసుక మీదికి ఎక్కించేది. అందుకే దీన్నీ పొట్టిగా, నిటారుగా కట్టి, తోసేవారి కాళ్లకు పట్టు దొరకడానికి అడ్డంగా బద్దలు కొట్టారు.

కుర్చీ మొదటి బద్ద దగ్గరే ఆగిపోయింది.

"ఏటే, ఆగిపోనావు?" అన్నాడు తండ్రి.

"సక్రం తగిలేసింది నాన్నా. ఈ బద్దలేటి?"

"కాలు జారకుండా ఏసినాను. నానూ మీ మావా ఎనకనించి నెట్టేత్తాం. ఒక్క ఊపు, సూడు!"

"అయితే హైలెస్సా కూడా అనండి. నానేటి, పడవనా?"

మేనమామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "పడవైతే నయమే. ఇన్ని మాటలాడదు."

"మరి రోజూ నెట్టడానికి వత్తారా మావా, ఏట మానేసి?"

నవ్వుతూనే అడిగింది. తండ్రి వంగి మొదటి బద్ద ఊడబెరికాడు.

చక్రాల కుర్చీ ఎక్కే వాలుకు ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలని ప్రమాణం చెబుతుంది. గొట్టంలో నీళ్లు నింపి మట్టం చూస్తే మెట్ల ఎత్తు అడుగున్నర తేలింది. విరిగిన బెంచీల చెక్కలను అనుమతితో తీసుకుని, వరండా గోడ వెంట పద్దెనిమిది అడుగుల వాలు మళ్లీ కట్టించాం. బద్దలకు బదులు తడి రంగు మీద ఇసుక చల్లాం. ప్రమాణం పుస్తకంలో ఉన్నది కదా అని ఊరుకోవడం నా స్వభావం కాదు. నేనే కుర్చీలో కూర్చుని చక్రాలు తిప్పాను.

"మేస్టారూ, మీరూ సేరిపోండి ఈ కాలేజీలో," అన్నాడు మేనమామ.

భుజాలు నొప్పెట్టాయి గానీ పైకి చేరాను. నేను ఎక్కినంత మాత్రాన ఆమె ఎక్కగలదని రుజువు కాదు. వాన కాలం కనుక వాలు మీద బకెట్లతో నీళ్లు పోయించి, అప్పుడు ఆమెను ఎక్కమన్నాను. చక్రాలు జారలేదు.

మొదటి ప్రయోగ తరగతి నాడు ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి నిలబడ్డారు. తండ్రి అలవాటుగా కుర్చీ వెనక చెయ్యి వేశాడు.

"సెయ్యి తియ్యి నాన్నా," అందామె.

తడబడకుండా పైకి వెళ్లింది.

"దిగడం కూడా వచ్చా అమ్మా?" అడిగారు ప్రిన్సిపాల్. న్యాయమైన ప్రశ్న. ఆమె కుర్చీ తిప్పి, చక్రాలను అరచేతులతో నిలువరిస్తూ దిగి, ఎవరూ అడగకుండానే మళ్లీ ఎక్కింది. ఆయన అటెండరును పిలిచి, రసాయనశాస్త్రం బ్యాచిలో ఆమె పేరు రాయమన్నారు.

లోపలికి వెళ్లాక ఆమె గొంతు వినిపించింది. "సార్, బల్ల నా మెడ దాకా ఉన్నాది!"

తండ్రి అప్పటికే రంపం కోసం సంచీ వెతుకుతున్నాడు. ముందు కొలుద్దామని అతన్ని ఆపి, టేపు తీశాను.